'బ్యాఁ క' తరువాత సబ్జంక్టివ్ ఎందుకు?

ప్రశ్న: మాస్టారూ, ఫ్రెంచిలో సందేహం, కోరిక ఉన్నచోట సబ్జంక్టివ్ అనే క్రియారూపం వాడాలని తరగతిలో చెప్పారు. మరి 'బ్యాఁ క' (అయినప్పటికీ) పెట్టి 'బ్యాఁ కిల్ ప్లొవ్, ను సోర్తోఁ' (వాన కురుస్తున్నా బయటికి వెళ్తున్నాం) అన్నప్పుడు వాన నిజంగానే కురుస్తోంది కదండీ. ఇందులో సందేహం ఏముంది?

జవాబు: ఏమీ లేదమ్మా. ఫ్రెంచి నేర్చుకునేవాళ్లను ఆ సూత్రమే ఎక్కువగా తికమక పెడుతుంది. ఆ వాక్యంలో మనం గట్టిగా చెబుతున్నది బయటికి వెళ్తున్నామని. వాన సంగతిని ఒప్పుకుని పక్కన పెడుతున్నాం. అలా పక్కన పెట్టిన క్రియకు ఫ్రెంచి సబ్జంక్టివ్ రూపం ఇస్తుంది. దాదాపు అదే అర్థమున్న 'క్వాక', 'ఆఁకోర్ క' కూడా ఇదే దారి.

ఇప్పుడు 'మెమ్ సి' (ఒకవేళ అయినా) చూడండి. వాన వస్తుందో రాదో తెలియకపోయినా 'మెమ్ సిల్ ప్లొ' (ఒకవేళ వాన కురిసినా) అని ఇండికేటివే, అంటే మామూలు క్రియారూపమే. నిజమైనదానికి సబ్జంక్టివ్, ఊహకు ఇండికేటివ్! నేటి ఫ్రెంచిలో షరతు చెప్పే 'సి' తరువాత సబ్జంక్టివ్ రాదు, ఆ 'సి' ఇందులోనూ ఉంది. మనకు ఇక్కడ మరో చిక్కు: తెలుగు అప్యర్థకం, అంటే 'కురిసినా' లాంటి రూపం, రెండింటికీ సరిపోతుంది. 'వాన కురిసినా వెళ్లాం' అంటే బ్యాఁ క, 'వాన కురిసినా వెళ్తాం' అంటే సాధారణంగా మెమ్ సి. కాబట్టి తెలుగులో ఆలోచించి రాసేటప్పుడు వాన కురిసిందా, కురవవచ్చా అని ముందు తేల్చుకోవాలి.

నాకు చాలా ఇష్టమైన జంట ఒకటి ఉంది. 'ఎంత ధనవంతుడైనా' అనడానికి 'సి రిష్ కిల్ స్వా' అంటే సబ్జంక్టివ్ (ఈ 'సి' షరతుది కాదు, 'అంత' అనే అర్థంలోది). 'తు రిష్ కిలె' అంటే సంప్రదాయ వాడుకలో ఇండికేటివ్. రెండోదానిలో అతని ధనం నిజమని నొక్కి చెబుతున్నాం, క్రియ కూడా అందుకు తగ్గట్టే ఉంది.

ప్రశ్న: పారిస్‌లో చదువుతున్న మా అక్క మాత్రం అక్కడివాళ్లు 'బ్యాఁ క' తరువాత ఇండికేటివ్ వాడటం విన్నానంటోంది.

జవాబు: విని ఉంటారు, మాటల్లో అది ఉంది. 17వ శతాబ్దపు రచయితల్లోనూ ఇండికేటివ్ కనిపిస్తుంది, నియమం తరువాత బిగుసుకుంది. అందుకని వాళ్ల మాటను తప్పని కొట్టిపారేయను. పరీక్షలో, ఉత్తరంలో మాత్రం సబ్జంక్టివే రాయండి. 'బ్యాఁ క' అర్థంలోనే వాడే 'మల్గ్రె క' జోలికి అసలు పోవద్దు. ఎందరో వాడుతున్నా ఫ్రెంచి అకాడమీ దాన్ని ఒప్పుకోదు. 'నాకు ఇష్టం లేకపోయినా' అనే అర్థంలో 'మల్గ్రె క జాఁనె' అన్న పాత పలుకుబడి ఒక్కటే దానికి సమ్మతం.