వాకిన్ ఫ్రీజర్ వ్యాక్యూమ్ కట్టేస్తే 1,900 మైక్రాన్లకు ఎక్కి ఆగిపోతోంది. లీకా, తేమా?

గుంటూరు కూలింగ్:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ఐస్‌క్రీమ్ డిస్ట్రిబ్యూటర్ గారి వాకిన్ ఫ్రీజర్. 3 హెచ్‌పీ స్క్రోల్, ఆర్404ఎ గ్యాస్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, లిక్విడ్ లైన్లో సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు), పంప్‌డౌన్ వైరింగు (సోలనాయిడ్ మూసుకున్నాక సక్షన్ ప్రెషర్ పడిపోతే లో ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపే పద్ధతి). క్లాంపు దగ్గర సక్షన్ పైపు ఒరుసుకుని చిల్లు పడింది. లో ప్రెషర్ స్విచ్‌ను ఎవరో అంతకుముందే డైరెక్ట్ చేసి (స్విచ్‌ని తప్పించి వైర్లు కలిపేసి) పెట్టారు, అందుకని గ్యాస్ పోయాక కూడా కంప్రెసర్ తిరుగుతూనే ఉంది.

చిల్లు బ్రేజింగ్ చేశాం, డ్రయర్ (లైన్లో తేమ పీల్చే ఫిల్టర్) మార్చాం. మధ్యాహ్నం నైట్రోజన్ 150 పీఎస్ఐ పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి 145 ఉంది. తర్వాత లోపలి గాలి, తేమ లాగేయడానికి వ్యాక్యూమ్ పెట్టాం. 6 సీఎఫ్ఎం (నిమిషానికి 6 ఘనపుటడుగులు లాగే) టూ స్టేజి పంపు, మామూలు మ్యానిఫోల్డు (ముల్లు గేజిల సెట్టు), పావు ఇంచి హోసులు, రెండు పక్కల నుంచీ లాగుతున్నాం. నాలుగు గంటలు నడిచినా మైక్రాన్ గేజి (లోపల మిగిలిన ఒత్తిడి చూపేది, అంకె తగ్గేకొద్దీ వ్యాక్యూమ్ మంచిది) 1,100 దగ్గరే ఊగుతోంది. వాల్వు కట్టేస్తే పది నిమిషాల్లో 1,900కి ఎక్కి అక్కడ ఆగుతోంది. మ్యానిఫోల్డు ముల్లు మాత్రం 30 ఇంచీల వ్యాక్యూమ్ మీదే ఉంది. సరుకు సగం లోపలే ఉందని గది తలుపు వేసి ఉంచాం, కాయిల్ దగ్గర థర్మామీటరు మైనస్ 10 చూపిస్తోంది. ఎక్కడ వెతకాలి?

బెజవాడ రెంచి:

ముందు 150, 145 సంగతి. అది లీకని చెప్పడానికి లేదు. నైట్రోజన్ ప్రెషర్ ఎండతో పాటు ఎక్కుతుంది, దిగుతుంది. గేజి ప్రెషర్‌కి 14.7 కలిపి, దాన్ని కెల్విన్ టెంపరేచర్ల నిష్పత్తిలో లెక్కకట్టాలి. మధ్యాహ్నం 38 డిగ్రీల్లో 150 పెడితే తెల్లవారుజామున 28 డిగ్రీలకు 145కి కాస్త కిందికే రావాలి. మీకు వచ్చింది అదే. ఇకపై ప్రెషర్ పెట్టినప్పుడు పక్కన టెంపరేచర్ కూడా రాసుకోండి, మళ్లీ అదే టెంపరేచర్‌కి వచ్చినప్పుడు చూడండి. సబ్బు నురగ మాత్రం ప్రతి ఫ్లేర్ నట్టుకీ, పిన్ వాల్వుకీ (హోసు తగిలించే పోర్టులో పిన్ ఉండే వాల్వు) పట్టాల్సిందే.

ఇక 1,900. లీకైతే అక్కడ ఆగదు. బయటి గాలి 7,60,000 మైక్రాన్లు, చిన్న చిల్లున్నా గేజి నిదానంగానైనా ఎక్కుతూనే ఉంటుంది. ఎక్కి ఒకచోట నిలబడిందంటే లోపల ఏదో ఆవిరి అవుతోందన్నమాట. నీరు కావచ్చు, ఆయిల్లో కలిసిన గ్యాస్ కావచ్చు.

మీ పోస్టులో అసలు ముక్క కాయిల్ టెంపరేచర్. మైనస్ 10 దగ్గర ఐసు ఆవిరి ఒత్తిడి దాదాపు 1,950 మైక్రాన్లు. మీ గేజి ఆగింది 1,900 దగ్గర. అచ్చంగా అదేనని రాసివ్వలేను గానీ, కాయిల్ పైపుల లోపల ఐసు ఉందనే నా లెక్క. గ్యాస్ పోయాక కంప్రెసర్ తిరిగితే సక్షన్ పక్క వ్యాక్యూమ్‌లోకి వెళ్లి చిల్లులోంచి బయటి గాలిని పీలుస్తుంది. శ్రావణంలో మన దగ్గర 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలిలో ఘనమీటరుకి సుమారు 24 గ్రాముల నీళ్లుంటాయి. అవన్నీ చల్లటి కాయిల్లో గడ్డకట్టి కూర్చుంటాయి.

ఆ ఐసుని పంపు ఒక్కటే లాగలేదు. వ్యాక్యూమ్‌లో వేడి అందదు కాబట్టి ఐసు ఇంకా చల్లబడుతుంది, ఆవిరి ఇంకా తగ్గుతుంది. మిగిలిన సరుకు కూడా తీయించి తలుపు బార్లా తెరవండి, ఇవాపరేటర్ ఫ్యాన్లు వేయండి. కాయిల్ 20 డిగ్రీలు దాటేదాకా మైక్రాన్ల గురించి ఆలోచించకండి.

వైరింగ్ జాగ్రత్త. కంట్రోల్ పవర్ ఉంచి పని చేస్తున్నప్పుడు కంప్రెసర్ కాంటాక్టర్ కాయిల్ వైరు ఊడదీసి టేపు చుట్టండి. నైట్రోజన్‌తోనో గ్యాస్‌తోనో ప్రెషర్ పెరగగానే లో ప్రెషర్ స్విచ్ కలిసి కంప్రెసర్ స్టార్ట్ అవుతుంది. మీ దగ్గర స్విచ్చే డైరెక్ట్ అయి ఉంది, అప్పుడు వ్యాక్యూమ్‌లోనే తిరుగుతుంది. డీప్ వ్యాక్యూమ్‌లో వైండింగ్ టెర్మినళ్ల మధ్య ఆర్క్ కొడుతుంది. ఆ సమయంలో మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) కూడా వేయొద్దు. ఆ స్విచ్ వైరింగ్ ముందు సరిచేయండి.

కోల్డ్‌రూమ్ పటమట:

పై అన్న చెప్పింది నిజం. నేను హోసుల గురించి చెబుతాను, నాలుగు గంటలు పట్టడానికి సగం కారణం అదే.

వాల్వు పిన్ లోపలే ఉండనిచ్చి పావు ఇంచి హోసుతో లాగితే 2,000 మైక్రాన్ల కింద పంపు ఎంత పెద్దదైనా ఒకటే. ఆ ఒత్తిడిలో పైపు బోరు ఒకటిన్నర రెట్లయితే లాగుడు మూడు రెట్ల పైన పెరుగుతుంది. అందుకని పిన్ తీసే టూల్ కొనండి, రెండు పక్కలా పిన్నులు తీసేయండి, 3/8 ఇంచి వ్యాక్యూమ్ హోసులు పొట్టివి వేయండి. మ్యానిఫోల్డు అసలు వద్దు. దాని వాల్వు ప్యాకింగులు, హోసు వాషర్లు ప్రెషర్‌కి ఆగినా వ్యాక్యూమ్‌కి కారుతుంటాయి.

మైక్రాన్ గేజి పంపు దగ్గర పెట్టారా? అక్కడ పెడితే పంపు గొప్ప చెబుతుంది, సిస్టమ్ సంగతి చెప్పదు. పంపు తగిలించిన చోటికి వీలైనంత దూరంగా, విడిగా ఒక పోర్టు మీద ఉండాలి. నైట్రోజన్ పెట్టేటప్పుడు గేజి వాల్వు కట్టేయండి, చాలా గేజిల సెన్సర్ ప్రెషర్‌కి, ఆయిల్‌కి పాడవుతుంది.

సోలనాయిడ్ తెరిచి ఉందా? స్టెమ్ మీద పెట్టే మ్యాగ్నెట్ ఉంటే హాయి. లేకపోతే కాయిల్‌కి కరెంటు ఇవ్వండి, కానీ వాల్వు మీద నుంచి ఊడదీసిన కాయిల్‌కి ఇవ్వకండి, నిమిషాల్లో కాలిపోతుంది. రిసీవర్ వాల్వు స్పిండిల్ మధ్యలో ఉండాలి. పూర్తిగా వెనక్కి తిప్పితే గేజి పోర్టు మూసుకుంటుంది, పూర్తిగా ముందుకైతే లైను మూసుకుంటుంది.

ఇవన్నీ మార్చేముందు పంపుని ఒంటరిగా పరీక్షించండి. గేజిని నేరుగా పంపుకి తగిలిస్తే నిమిషాల్లో 100 కిందికి రావాలి. రాకపోతే ఆయిల్ మార్చండి.

మిర్చియార్డు మెకానిక్:

ఇంత అవసరమా అన్నలూ? ముల్లు 30కి వచ్చాక ఇంకో గంట నడిపి గ్యాస్ కొట్టేస్తే సరిపోతుంది. మా కోల్డ్ స్టోరేజీల్లో మైక్రాన్ గేజి ఎవరి దగ్గరా లేదు, ప్లాంట్లు నడుస్తూనే ఉన్నాయి.

బెజవాడ రెంచి:

మీ మిర్చి కోల్డ్ స్టోరేజీలు అమ్మోనియావి. అమ్మోనియా నీటిని తనలో కలిపేసుకుంటుంది, వాల్వులో గడ్డకట్టనివ్వదు. ఇక్కడ ఆర్404ఎ, దాంతో పీఓఈ (పాలియోల్ ఎస్టర్) ఆయిల్. ఈ గ్యాస్‌లో నీరు చాలా కొద్దిగానే కలుస్తుంది, మిగతాది ఎక్స్‌పాన్షన్ వాల్వు సూది దగ్గర ఐసై చోక్ అవుతుంది. సక్షన్ వ్యాక్యూమ్‌లోకి పోతుంది, కాసేపు ఆపితే కరిగి మళ్లీ నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. పీఓఈ ఆయిల్ నీటితో చర్య జరిపితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాగిని కరిగించి తెచ్చి బేరింగుల మీద పూత పూస్తుంది, వైండింగ్ ఇన్సులేషన్ తింటుంది. ఆయిల్ పీల్చుకున్న తేమని వ్యాక్యూమ్ పూర్తిగా తీయలేదు, అందుకే సిస్టమ్ మూత పావుగంట మించి తెరిచి ఉంచకూడదంటారు.

ముల్లు విషయం: ఒక ఇంచి అంటే 25,400 మైక్రాన్లు. 30 డిగ్రీల్లో నీరు మరిగే ఒత్తిడి సుమారు 31,800 మైక్రాన్లు. ముల్లు మందంలోనే ఆ తేడా పోతుంది. ముల్లు 30 మీద ఉన్నా లోపల నీళ్లుండొచ్చు.

గుంటూరు కూలింగ్:

ధన్యవాదాలు అన్నలూ. పిన్నులు తీసి 3/8 హోసులు వేశాం, గేజి ఇవాపరేటర్ వైపు పెట్టాం. పంపు ఒంటరిగా 45 మైక్రాన్లకు వచ్చింది. తలుపు తెరిచి కాయిల్ 24 డిగ్రీలకు తెచ్చాక మళ్లీ మొదలుపెడితే గేజి 6,000 దగ్గర చాలాసేపు కదల్లేదు. ముందుకన్నా ఎక్కువైంది! పంపు ఆయిల్ మజ్జిగలా తెల్లబడింది. ఏదైనా చెడగొట్టానా?

బెజవాడ రెంచి:

లేదు, ఇప్పుడే పని జరుగుతోంది. ఐసు కరిగి నీరై ఆవిరి అవుతోంది, పంపు దాన్ని మింగుతోంది. 6,000 చూసి కంగారుపడకండి.

ఆయిల్ తెల్లబడితే వెంటనే మార్చండి, పంపు వేడిగా ఉన్నప్పుడే వంచితే నీరు కూడా దిగిపోతుంది. మొదటి గంట గ్యాస్ బ్యాలస్ట్ (పంపులోకి కాస్త గాలి వదిలి, ఆవిరి ఆయిల్లో నీరు కాకుండా చూసే వాల్వు) తెరిచి నడపండి, గేజి 2,000 దిగాక మూసేయండి. తేమ ఎక్కువున్న సిస్టమ్‌లో ఒకే పనికి ఆయిల్ రెండుమూడుసార్లు మార్చాల్సి రావడం మామూలే. లీటరు ఆయిల్ ధర కంప్రెసర్ ధర ముందు ఎంత?

1,500కి దిగాక పంపు వాల్వు కట్టేసి, రెగ్యులేటర్ మీంచి డ్రై నైట్రోజన్ వదిలి 2, 3 పీఎస్ఐకి తెచ్చి పదిహేను నిమిషాలు ఉంచండి. నైట్రోజన్ లోపల వేడిని మోస్తుంది, మూలల్లో నిలిచిన ఆవిరిని కలుపుకుంటుంది. దాన్ని బయటికి వదిలి మళ్లీ లాగండి, ఈసారి 1,000కి. మళ్లీ నైట్రోజన్. మూడోసారి 500 కిందికి, వీలైతే 300 దాకా. ఆక్సిజన్ సిలిండర్ చేతిలో ఉంది కదా అని ఎప్పుడూ వాడొద్దు. ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది.

ఈసేపంతా కంప్రెసర్ క్రాంక్‌కేస్ హీటర్ వేసి ఉంచండి, ఆయిల్లో మిగిలిన గ్యాస్ వదులుతుంది. రెండో నైట్రోజన్ లోపల ఉన్నప్పుడు డ్రయర్ ఇంకోసారి మార్చేయండి. మొదటిది ఇప్పటికే తడి తాగేసి ఉంటుంది.

కోల్డ్‌రూమ్ పటమట:

చివరి పరీక్ష ఇలా. 300 దగ్గర పంపు పక్క వాల్వు కట్టేసి, పంపు ఆపి, పదిహేను, ఇరవై నిమిషాలు చూడండి. కట్టగానే కాస్త ఎక్కుతుంది, అది లెక్కలోకి రాదు. తర్వాత 500 కింద నిలిస్తే గ్యాస్ పెట్టొచ్చు. వెయ్యి పైన ఎక్కడో నిలిస్తే తేమ ఇంకా ఉంది, మరోసారి నైట్రోజన్. ఆగకుండా ఎక్కుతుంటే హోసు, టూల్ కనెక్షన్లు ముందు అనుమానించి, తర్వాత సిస్టమ్ వెతకండి.

గుంటూరు కూలింగ్:

మూడోసారి 290కి వచ్చింది, ఇరవై నిమిషాల తర్వాత 380 దగ్గర నిలబడింది. గ్యాస్ పెట్టడంలో ఏమైనా?

బెజవాడ రెంచి:

బాగుంది. పిన్నులు వాటి టూల్‌తోనే తిరిగి వేయండి, వ్యాక్యూమ్ పోదు. హోసులో గాలి తీసేసి రిసీవర్ పోర్టు నుంచి లిక్విడ్ వదలండి, తూకం మీద. ఆర్404ఎ మూడు గ్యాసుల కలయిక, ఆవిరిగా తీస్తే పాళ్లు మారతాయి. సిలిండర్ ప్రెషర్‌తో సమానమై ఆగిపోయాక కాంటాక్టర్ వైరు కలిపి కంప్రెసర్ స్టార్ట్ చేయండి. మిగతా గ్యాస్ సక్షన్ నుంచి, లిక్విడే అయినా వాల్వు కొద్దిగా మాత్రమే తెరిచి మెల్లగా ఇవ్వండి.

నడిచాక కండెన్సర్ ఫ్యాన్ ఉంచి కంప్రెసర్ ఆపి, హెడ్ ప్రెషర్ నిలకడకి వచ్చాక చార్టుతో పోల్చండి. బయట 40 డిగ్రీలైతే ఆర్404ఎ 250 పీఎస్ఐ దగ్గర ఉండాలి. బాగా ఎక్కువుంటే లోపల గాలి మిగిలింది. సైట్ గ్లాసులో (లిక్విడ్ లైన్ మీది చిన్న గాజు కిటికీ) తేమ రంగు మొదటి రోజు నమ్మకండి, కనీసం పన్నెండు గంటలు నడిచాక చూడండి. పసుపు ఉంటే డ్రయర్ మళ్లీ మార్చాలి. అదే రోజు ఆయిల్ శాంపిల్‌కి యాసిడ్ టెస్ట్ కిట్ వేయండి.