నాయన గుండె పంపింగ్ 20 శాతమే: డల్లాస్‌కు తెచ్చుకోవాలా?

అందరికీ నమస్తే. నేను డల్లాస్ వచ్చి రెండు నెలలైంది. అనంతపురంలో మా నాయనకు 58 ఏళ్లు. ఎకోలో (గుండె స్కాన్‌లో) పంపింగ్ 20 శాతమే వచ్చింది. ఈ ఏడాది మూడుసార్లు ఆయాసంతో అడ్మిట్ అయ్యాడు. విజిటర్ వీసా మీద ఇక్కడికి తెచ్చి చూపించాలని ఉంది. ఏమంటారు?

* * *

తమ్ముడూ, ఆ పని మాత్రం చేయొద్దు. పాత జబ్బు వైద్యానికి విజిటర్ ఇన్సూరెన్సు వాళ్లు మామూలుగా డబ్బు కట్టరు. నాయనను బెంగళూరు పంపించు. 200 కిలోమీటర్ల పైచిలుకే కదా. గుండె మార్పిడి చేసే ఆసుపత్రిలోనే చూపించాలి.

మాదీ అనంతపురమే. మా బావకు ఒంట్లో చేరిన నీరు తీసే మాత్రలు పెంచుకుంటూ రెండేళ్లు ఇంట్లోనే పెట్టుకున్నాం. ఆయాసం తగ్గినప్పుడల్లా నయమైందనుకున్నాం. బెంగళూరు తీసుకెళ్లేసరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెరిగిపోయింది. అంత ప్రెషర్‌కు కొత్త గుండె కుడివైపు తట్టుకోలేదన్నారు, మార్పిడి లిస్టులో పేరు ఎక్కలేదు. ఇప్పటికీ ఆ రెండేళ్లు తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఏడాదిలో మూడు అడ్మిషన్లంటే ఇంక ఆగకూడదు నాయనా.

ముందు మందులు సరిచేస్తారు, సీఆర్‌టీ పేస్‌మేకర్ (గుండె రెండు వైపులా ఒకేసారి కొట్టుకునేలా చేసే పరికరం) పనికొస్తుందేమో చూస్తారు. మార్పిడి కావాలంటే ఆసుపత్రి వాళ్లే అవయవదానం చూసే కర్ణాటక ప్రభుత్వ సంస్థ జీవసార్థకతెలో పేరు రాయిస్తారు. మన ఆంధ్రలో అయితే జీవన్‌దాన్. వేరే రాష్ట్రం వాళ్లకు వరుస ఎట్లా వస్తుందో మొదటి రోజే అడుగు. బ్లడ్ గ్రూపు, ఒంటి సైజు కలవాలి. బయటికి తీసిన గుండె సుమారు 4 గంటల్లో మళ్లీ కొట్టుకోవాలి. గుండె దొరికిందని ఫోన్ వచ్చాక అనంతపురంలో బయల్దేరితే కుదరదు, అక్కడే బాడుగ ఇల్లు చూడాలి.

గుండె దొరికేలోపు ఎల్‌వ్యాడ్ పంపు, అంటే గుండెకు సాయంగా రక్తాన్ని తోసే చిన్న మిషను, లోపల పెడదామనొచ్చు. మార్పిడికి వీల్లేని వాళ్లకు అదే శాశ్వతం. ఖర్చు మార్పిడి కంటే చాలా ఎక్కువ. పొట్టలోంచి వైరు బయటికొస్తుంది, బ్యాటరీలు ఒంటి మీదే ఉండాలి, రక్తం పలచబడే మాత్ర ఆపకూడదు. ఇంట్లో కరెంటు పోకుండా చూసుకోవాలి. ఇంకోటి, ఆ పంపు ఉన్నవాళ్లకు చాలాసార్లు నాడి చేతికి దొరకదు. ఊళ్లో ఆర్‌ఎంపీకి, ఇరుగుపొరుగుకు ముందే చెప్పకపోతే మనిషి పోయాడనుకుంటారు.

ఈరోజే అమ్మకు చెప్పు: పొద్దున్నే బరువు చూసి రాయాలి, రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఉప్పు ఎక్కువుండే ఊరగాయ, అప్పడాలు బంద్.

మా చెల్లెలు బెంగళూరులోనే ఉంటుంది. ఇల్లు దొరికేదాకా అమ్మానాయనలు వాళ్లింట్లో దిగొచ్చు. నంబరు నీకు విడిగా పంపిస్తా.