మొదటి నెలలో రోజూ బరువు చూసుకోవాలా, మిషన్‌ని అటకెక్కించాలా?

పంతొమ్మిదో రోజు:
అందరికీ నమస్కారం. వయసు 41, ఎత్తు 168 సెంటీమీటర్లు. బరువు తగ్గే ప్రయత్నం మొదలుపెట్టిన రోజు 94 కిలోలు. మొదటి అయిదు రోజులూ బ్రహ్మాండం, చూస్తుండగానే కిలోన్నర పైన దిగింది. ఈ లెక్కన మూడు నెలల్లో కుర్రాణ్ణయిపోతానని లోలోపల మురిసిపోయాను. ఆ తర్వాత రెండు వారాలుగా అంకె అక్కడక్కడే ఆడుతోంది. ఆరో రోజు నుంచి వరసగా రాసుకున్నవి ఇవీ: 92.3, 92.0, 92.2, 91.8, 92.1, 91.7, 91.9. ఆ తర్వాతి ఏడు రోజులు: 91.6, 91.9, 91.5, 91.8, 91.4, 91.2, ఇవాళ 92.1.

నిన్న 91.2 చూసి సంబరపడ్డానా, తెల్లారేసరికి 900 గ్రాములు పెరిగాను. మిషన్ తప్పేమోనని దిగి మళ్ళీ ఎక్కాను. ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదికి జరిపి ఎక్కాను. చేతి గడియారం తీసేసి ఎక్కాను. ఎన్నిసార్లు ఎక్కినా అదే 92.1. మా ఆవిడేమో "దాన్ని అటక మీద పడేస్తే ఇంట్లో అందరికీ ప్రశాంతంగా ఉంటుంది" అంటోంది. ఆఫీసులో నా పక్క సీటాయన మాత్రం రోజూ చూసుకోకపోతే పట్టు తప్పిపోతావంటాడు. నాలాంటి కొత్తవాళ్ళు రోజూ చూసుకోవాలా, వద్దా? ఊరికే అవును, కాదు అనకుండా ఎందుకో కూడా చెప్పండి.

లెక్కల మాస్టారు:
చూసుకోవాలి. రోజూ చూసుకోవాలి. కాకపోతే మీరు చూసే పద్ధతి తప్పు.

ముందు ఆ 900 గ్రాముల సంగతి తేలుద్దాం. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. ఒక్క రోజులో 900 గ్రాముల కొవ్వు పెరగాలంటే మీ ఒంటికి కావలసిన దానికంటే దాదాపు 7,000 క్యాలరీలు అదనంగా తిని ఉండాలి. తిన్నారా? తినలేదు కదా. మరి ఆ బరువు ఏమిటి? ఉప్పు కాస్త ఎక్కువ పడి ఉంటుంది, రాత్రి ఆలస్యంగా తిని ఉంటారు, పొద్దున్న విరేచనం సరిగ్గా అయ్యుండదు. అంతా నీరూ, కడుపులో ఉన్న తిండీ.

మొదటి అయిదు రోజుల సంబరం కూడా చాలావరకు ఇదే బాపతు. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అని నిల్వ చక్కెర ఉంటుంది. దాని ప్రతి గ్రాము తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే ముందు ఆ నిల్వ ఖర్చవుతుంది, దాంతో నీరూ పోతుంది. అప్పుడు దిగింది అంతా కొవ్వు కాదు, ఇప్పుడు పెరిగిందీ కొవ్వు కాదు.

ఇక మీ అంకెలు. మొదటి ఏడింటి సగటు 92.0. రెండో ఏడింటి సగటు, ఇవాళ్టి 92.1ని కూడా కలుపుకుని, 91.64. అంటే 360 గ్రాములు తగ్గారు. క్యాలరీల్లో చెప్పాలంటే రోజుకి దాదాపు 400 లోటు. ఇది మంచి వేగం. మీరు ఆగిపోలేదు, మీకు కనపడలేదంతే. వారానికి ఒక్కసారే ఎక్కేవాళ్ళయితే, పోయిన వారం ఈ రోజున 91.9, ఇవాళ 92.1 చూసి "ఇన్ని తిప్పలు పడితే పెరిగానా" అని మానేసేవారు. అందుకే రోజూ ఎక్కండి. లేవగానే, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చాక, నీళ్ళు తాగకముందు, అదే బండ మీద. రాసుకోండి, వెంటనే మరిచిపోండి. ఆదివారం సగటు కట్టండి.

చిన్నక్క:
"రాసుకోండి, మరిచిపోండి" అనడం మీకు సులువే మాస్టారూ. నాకు కుదరలేదు.

నేను రెండేళ్ళు రోజూ చూసుకున్నాను. పొద్దున్న వచ్చిన అంకెని బట్టే ఆ రోజు మొహం. అర కిలో తగ్గితే పిల్లల మీద కూడా ప్రేమ పొంగేది. పెరిగితే మధ్యాహ్నం తిండి మానేసేదాన్ని. సాయంత్రానికి కళ్ళు తిరిగేవి. రాత్రి పది గంటలకి వంటింట్లో లైటు కూడా వేయకుండా నిలబడి, చేతికి ఏది దొరికితే అది తినేసేదాన్ని. మర్నాడు అంకె ఇంకా పెరిగేది. మళ్ళీ అదే గొడవ. ఆ రెండేళ్ళలో నికరంగా తగ్గింది రెండు కిలోలు. పోయిన నిద్ర మాత్రం లెక్కలేదు.

ఇంకో విషయం ఈ మగవాళ్ళ లెక్కల్లో ఎప్పుడూ రాదు. నెలసరికి ముందు నాకు కిలోన్నర దాకా నీరు పడుతుంది. చాలామందికి ఎంతో కొంత ఇలాగే ఉంటుంది. ఏడు రోజుల సగటు కడితే మూడో వారం తగ్గినట్టు, నాలుగో వారం పెరిగినట్టు చూపిస్తుంది. సగటు కూడా అబద్ధమే చెప్తుంది మాస్టారూ. ఆడవాళ్ళు పోల్చుకోవాలంటే ఈ నెల అయిదో రోజుని పోయిన నెల అయిదో రోజుతోనే పోల్చుకోవాలి.

నేను మిషన్ తీసేశాను. టేపుతో బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత, నెలకి రెండుసార్లు. ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా. బిగుతయిపోయిన ఒక పాత ప్యాంటు పెట్టుకున్నాను, అదే నా మిషన్. తిండి విషయంలో ఇదివరకే మనసు చెడిన అనుభవం ఉన్నవాళ్ళు, మానేయడం, తర్వాత విరుచుకుపడి తినడం తెలిసినవాళ్ళు రోజూ ఎక్కకూడదని గట్టిగా చెప్తాను.

లెక్కల మాస్టారు:
నెలసరి మాట ఒప్పుకుంటున్నా. ఏడు రోజుల బదులు నెల సగటు కట్టాలనాల్సింది. తప్పు నాదే.

కానీ మిషన్ తీసేయమనడం దగ్గర ఆగుతాను. అమెరికాలో 1994 నుంచి ఒక జాతీయ రిజిస్ట్రీ నడిచింది. కనీసం పదమూడున్నర కిలోలు తగ్గి, ఏడాది పాటు ఆ తగ్గింపు నిలబెట్టుకున్నవాళ్ళనే అందులో చేర్చుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది వారానికి ఒకసారైనా బరువు చూసుకునేవాళ్ళే. ఇది ఊరికే కొట్టిపారేసే సంగతి కాదు.

చిన్నక్క:
గెలిచినవాళ్ళని మాత్రమే చేర్చుకున్న జాబితా అది. మిషన్ వల్ల మనసు పాడై మధ్యలో వదిలేసిన నాలాంటివాళ్ళు అందులో ఎందుకుంటారు? బరువు చూసుకోవడం వల్ల నిలబెట్టుకున్నారా, నిలబడింది కాబట్టి చూసుకోవడానికి భయం లేకపోయిందా? మీరు లెక్కల మాస్టారు, మీరే చెప్పండి.

లెక్కల మాస్టారు:
దెబ్బ తగిలింది. సరే, చీటీలు వేసినట్టు మనుషుల్ని గుంపులుగా విడదీసి చేసిన పరీక్ష చెప్తాను. 2006లో వచ్చింది, 314 మంది, 18 నెలలు. రోజూ బరువు చూసుకుని, పెరిగితే ఏం చేయాలో నేర్చుకున్నవాళ్ళు ఒకవైపు, వార్తాలేఖలు మాత్రం అందుకున్నవాళ్ళు ఒకవైపు. 2.3 కిలోలు, అంతకు మించి తిరిగి పెరిగినవాళ్ళు వార్తాలేఖల గుంపులో 72 శాతం. ముఖాముఖి నేర్చుకున్న గుంపులో 46 శాతం.

తాబేలు నడక:
మాస్టారూ, ఆ 314 మందీ అంతకుముందే పది శాతం బరువు తగ్గి వచ్చినవాళ్ళు. తగ్గింది కాపాడుకోవడం ఎలా అన్న ప్రశ్నకి అది జవాబు. ఇక్కడ అడిగినాయన పంతొమ్మిదో రోజులో ఉన్నాడు.

నాకసలు ఈ ప్రశ్నే వెనకది ముందు అడిగినట్టుంది. నేను ఒకసారి 22 కిలోలు తగ్గాను, 17 తిరిగి పెరిగాను, ఇప్పుడు రెండోసారి దిగుతున్నాను. మొదటిసారి మిషన్ మీద ఉన్న శ్రద్ధ కంచం మీద లేదు. ఎక్కితే తెలుస్తుంది గానీ ఎక్కితే తగ్గదు కదా.

ఈసారి చేసిన మొదటి పని చెప్తాను. నేను ఒక్కణ్ణే వండుకుంటాను. కూరకి రెండు పెద్ద చెంచాల నూనె వేస్తానని నా గట్టి నమ్మకం. ఒకరోజు అనుమానం వచ్చి వంటకి ముందు నూనె సీసాని వంటింటి తూకం మీద పెట్టాను, వంటయ్యాక మళ్ళీ పెట్టాను. 55 గ్రాములు తగ్గింది. పెద్ద చెంచా అంటే 14 గ్రాములు. నేను వేస్తున్నది రెండు కాదు, నాలుగు. చెంచాకి దాదాపు 120 క్యాలరీలు, అంటే నాకు తెలియకుండానే రోజూ 240. మన బరువు మనిషి అరగంట మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది 150 దరిదాపుల్లో. పొద్దున్నే చెమటలు కక్కుతూ నడిచిందంతా సీసా మూతి దగ్గరే పోయేది. చెంచాతో కొలవడం మొదలుపెట్టాక కూర రుచిలో తేడా కూడా పెద్దగా తెలియలేదు, అదీ విచిత్రం.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదు. రోజుకి 1,200 క్యాలరీల లోపే తింటున్నాం, అయినా తగ్గడం లేదు అన్నవాళ్ళని కొందరిని పట్టుకుని కొలిచిన పరిశోధన 1992లో వచ్చింది. తిన్నదాంట్లో దాదాపు సగమే చెప్పారు వాళ్ళు, చేసిన వ్యాయామాన్ని మాత్రం సగం మేర పెంచి చెప్పారు. మోసం అనను. చేతికీ కంటికీ లెక్క రాదు, అంతే. అందుకే కొత్తవాళ్ళు మొదటి నెల తూకం వేయాల్సింది తమని కాదు, వంటింట్లో సరుకుల్ని.

పంతొమ్మిదో రోజు:
తాబేలు గారూ, మీది చదివి వంటింట్లోకి వెళ్ళి అడిగాను. "నూనె చెంచాతో వేస్తావా?" అన్నాను. "చెంచాతో ఎవరు వేస్తారు?" అంది మా ఆవిడ. అదీ సంగతి.

ఉక్కు కండలు:
సింపుల్ అన్నా. బాడీ డైట్‌కి అలవాటుపడిపోయింది, షాక్ ఇవ్వాలి. మూడు రోజులు మంచినీళ్ళ మీద ఉండు. మిషన్ నీ మాట వింటుంది.

నైట్ డ్యూటీ:
ఆయన మాట వినకండి, దయచేసి. నేను వార్డులో పనిచేస్తాను. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతున్నవాళ్ళు ఇలా హఠాత్తుగా తిండి మానేస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. బీపీ మందులు వాడేవాళ్ళు లేచి నిలబడగానే తూలి పడతారు. మరీ వేగంగా తగ్గితే, అంటే వారానికి కిలోన్నర దాటి దిగుతుంటే, పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం పెరుగుతుంది. మందులు వాడేవాళ్ళు తిండి తగ్గించే ముందే డాక్టరుతో మాట్లాడాలి. బరువు తగ్గేకొద్దీ మందు మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు.

అసలు విషయం మీద ఒక్క మాట. రోజూనా, వారానికా అన్నదాని కంటే, ఎంతకి దిగాలని మీరు మనసులో పెట్టుకున్నారో అది ఎక్కువ బాధ పెడుతుంది. షుగర్ అంచున ఉన్నవాళ్ళ మీద అమెరికాలో చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. లక్ష్యం బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం. ఆ పద్ధతి పాటించిన గుంపులో షుగర్ వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మీ 94లో 7 శాతం అంటే ఆరున్నర కిలోలు. దాంట్లో రెండు కిలోల పైనే ఇప్పటికే దిగారు, అందులో నీరు ఎంతో పక్కన పెట్టినా. పెళ్ళినాటి బరువు మీద కన్నేసినవాళ్ళకి ఏ అంకె చూసినా ఏడుపే వస్తుంది.

ఉక్కు కండలు:
నేను చేశా, నాకేం కాలేదు.

నైట్ డ్యూటీ:
మీకు ఏమీ కానందుకు సంతోషం. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఆ మాట చెప్పలేరు కాబట్టి ఇక్కడ రాయరు.

తాబేలు నడక:
ఇంకోటి మరిచిపోయాను. కొత్తగా వ్యాయామం మొదలెట్టి కాళ్ళు పట్టేసిన రోజుల్లో కూడా కండరాల్లో నీరు చేరి బరువు ఎక్కువ చూపిస్తుంది. చాలామంది నడక మానేసేది సరిగ్గా అప్పుడే.

లెక్కల మాస్టారు:
నడక మొన్న పెంచారా ఏమైనా?

పంతొమ్మిదో రోజు:
మొన్ననే! గంట నడిచాను. నిన్నంతా మెట్లు దిగలేక గోడ పట్టుకున్నాను.

లెక్కల మాస్టారు:
ఇంకేం. దానికి నిన్నటి రాత్రి భోజనం కలుపుకోండి. నా వాదన మారలేదు, రోజూ చూసుకుంటేనే ఈ ఎగుడుదిగుళ్ళు ఎందుకొస్తాయో తెలుస్తుంది. కానీ చిన్నక్క చెప్పినట్టు అంకె చూసి ఆ పూట తిండి మానేసే మనిషైతే మాత్రం నా సలహా ఆ మనిషికి వర్తించదు. మీరు ఏ రకం?

పంతొమ్మిదో రోజు:
నిజం చెప్పాలంటే ఇవాళ పొద్దున్న టిఫిన్ మానేశాను. పదకొండింటికి ఆఫీసులో బిస్కెట్ ప్యాకెట్ మొత్తం అయిపోయింది. పక్క సీటాయన చూశాడు కూడా.

చిన్నక్క:
చూశారా. అటకెక్కించండి తమ్ముడూ.

పంతొమ్మిదో రోజు:
మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించాను. ఆవిడ తీర్పు ఇది. రోజూ ఎక్కాలి, కానీ నేను కళ్ళు మూసుకుని ఎక్కాలి. అంకె ఆవిడ చూసి తన పుస్తకంలో రాసుకుంటుంది. నాకు నెలాఖరున సగటు ఒక్కటే చెప్తుంది. నూనె మాత్రం రేపటి నుంచి చెంచాతోనే. మాస్టారికి లెక్క దక్కింది, అక్కకి నా మనశ్శాంతి దక్కింది, తాబేలు గారికి చెంచా దక్కింది.

చిన్నక్క:
ఆవిడ మొహం చూసి అంకె కనిపెట్టకండి మరి.

పంతొమ్మిదో రోజు:
ఇరవయ్యో రోజు. కళ్ళు మూసుకునే ఎక్కాను. కానీ ఆవిడ రాస్తున్నప్పుడు పెన్ను చప్పుడు విన్నాను. మొదటి అంకె ఒక సున్నా, ఒక తోక. అది తొమ్మిదే. రెండోది ఒక్క గీత.