లూకా 2:19లో "తలపోసికొనుచు" అంటే మరియమ్మ ఏం చేస్తున్నట్టు?

"తలచు, తలపోయు రెండూ ఒకటేనా" అన్న చర్చలో ఒకరు ఉదాహరణగా ఈ బైబిలు వాక్యం పెట్టారు: "అయితే మరియ ఆ మాటలన్నియు తన హృదయములో తలపోసికొనుచు భద్రము చేసికొనెను." గొర్రెల కాపరులు బేత్లెహేముకు వచ్చి, దూత తమతో అన్న మాటలు చెప్పాక లూకా రాసిన వాక్యం ఇది. దాని కింద ఒక కామెంటు వచ్చింది: "ఇక్కడ తలపోయడం అంటే ఆలోచన కాదండీ, భక్తి. దేవుడి విషయంలో బుద్ధికి పనేముంది?"

దీనికి కాస్త వివరంగా జవాబు చెప్పాలనిపించింది. కథోలిక సంప్రదాయం ప్రార్థనలో బుద్ధికి చోటు చూపించేటప్పుడు ముందుగా వేలు పెట్టి చూపే వాక్యాల్లో ఇదొకటి.

ముందు వ్యాకరణం చూద్దాం. "తలపోసికొనుచు" శత్రర్థకం, అంటే పని ఇంకా సాగుతోందని చెప్పే రూపం. "తలపోసికొని భద్రము చేసికొనెను" అని ఉంటే క్త్వార్థకం అయ్యేది, ఆలోచించడం అయిపోయాక దాచుకుందని అర్థం వచ్చేది. ఇక్కడ రెండు పనులూ కలిసే సాగుతున్నాయి. నగలు బీరువాలో పెట్టి తాళం వేసినట్టు దాచడం కాదిది. తీసి చూసుకుంటూ ఉండటమే ఆమె భద్రం చేసుకున్న తీరు. రెండు క్రియల్లోనూ ఉన్న "కొను" కూడా గమనించండి, ఆ పని ఆమె తన కోసం, తన లోపల చేసుకుంటోంది.

గ్రీకు మూలంలోనూ నిర్మాణం ఇలాగే ఉంది. "తలపోసికొనుచు" ఉన్నచోట అక్కడ "సుంబల్లూసా" అని ఉంటుంది. ఒకచోట చేర్చడం, పక్కపక్కన పెట్టి చూడటం దాని మూలార్థం. లాటిన్ బైబిల్లో "కాన్‌ఫెరెన్స్", అదీ ఒకచోటికి తెచ్చి పోల్చి చూడటమే. మరి ఏ మాటలు పక్కపక్కన పెట్టుకుంది? పుట్టబోయే బిడ్డకు దావీదు సింహాసనం ఇస్తానని దేవుడు గబ్రియేలు చేత చెప్పించాడు. బిడ్డ పుట్టాక పడుకోబెట్టడానికి దొరికింది పశువుల తొట్టి. రక్షకుడు పుట్టాడన్న వార్త మోసుకొచ్చిందేమో రాత్రంతా పొలంలో మందను కాచుకునే మనుషులు. ఈ మూడూ ఎలా పొసుగుతాయని చూడటం బుద్ధి చేసే పనే. "హృదయములో" అన్నారు కదా అనవచ్చు. యూదుల వాడుకలో ఆలోచన పుట్టే చోటు కూడా హృదయమే. మనం మాత్రం "మనసులో అనుకున్నాను" అనమా?

అంతకుముందు అధ్యాయంలో ఆమె ఆలోచన మరీ స్పష్టంగా కనిపిస్తుంది. దూత వందనం చెప్పగానే, ఈ శుభవచనమేమిటో అని ఆలోచించుకుంది. తర్వాత "యిదేలాగు జరుగును" అని అడిగింది. ఆమెకు జవాబు దొరికింది. అదే అధ్యాయంలో, ముసలితనంలో కొడుకు పుడతాడని దూత చెప్పినప్పుడు యాజకుడు జెకర్యా కూడా అడిగాడు, "యిది నాకేలాగు తెలియును" అని. ఆయన నోరు పడిపోయింది. ప్రశ్నించడమే తప్పయితే ఇద్దరికీ ఒకే ఫలితం రావాలి. జెకర్యా నమ్మడానికి ఆధారం అడిగాడు. ఆమె నమ్మి, జరిగే విధం అడిగింది.

ఈ తేడాను నాకు తెలిసినంతలో అందరికన్నా బాగా చెప్పినవారు జాన్ హెన్రీ న్యూమన్. 1843 ఫిబ్రవరి 2న ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన సరిగ్గా ఈ లూకా వాక్యం మీదే ప్రసంగించారు. అప్పటికి ఆయన ఆంగ్లికన్ (ఇంగ్లండు సభ) గురువు. కథోలిక సభలో చేరింది 1845లో, పునీతుడిగా ప్రకటించింది 2019లో. ఆయన వాదన సారాంశం ఇది: మరియమ్మ నమ్మి ఊరుకోలేదు, నమ్మినదాని మీద బుద్ధి పెట్టింది. జెకర్యాలా ముందు తర్కించి తర్వాత నమ్మలేదు. ముందు నమ్మింది, ఆ తర్వాత ప్రేమతో, గౌరవంతో తర్కించింది. అందుకే చదువురాని వారి విశ్వాసానికే కాదు, తిరుసభలోని వేదపండితుల, అంటే క్రైస్తవ బోధను లోతుగా చదివి వివరించిన గురువుల, విశ్వాసానికి కూడా ఆమే ఆదర్శం అంటారు న్యూమన్. మరియమ్మను మౌనానికి, విధేయతకు మాత్రమే గుర్తుగా చూపే ప్రసంగాలు మన దగ్గర ఎక్కువ. పండితుల వరుసలో ఆమెను ముందు నిలబెట్టిన ఈ మాట తెలుగులో ఇంకా చాలామందికి చేరాలి.

రోజూ చెప్పుకునే జపమాల కూడా తలపోతే. "దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని నోరు పలుకుతుంటే, బుద్ధి దూత తెచ్చిన మంగళవార్త దగ్గరో, యేసు వేదనపడిన గెత్సెమనే తోట దగ్గరో నిలబడి ఉండాలి. ధ్యానం లేని జపమాల ఆత్మ లేని శరీరం అని 1974లో ఆరవ పౌలు పోపు రాశారు. యేసు సభ గురువుల సంఘాన్ని స్థాపించిన లొయోలా ఇన్యాసి వారి ధ్యాన పద్ధతి కూడా జ్ఞాపకం, బుద్ధి, సంకల్పం అనే మూడింటి మీదే నడుస్తుంది: సంగతిని గుర్తు తెచ్చుకో, దాన్ని ఆలోచించు, ఆపైన మనసును కదలనివ్వు. సృష్టిని చూసి సహజమైన బుద్ధితోనే దేవుడున్నాడని నిశ్చయంగా తెలుసుకోవచ్చని 1870లో కథోలిక బిషప్పుల మొదటి వాటికన్ మహాసభ అధికారికంగానే చెప్పింది.

కింద మరో సభ్యురాలి ప్రశ్న: "అన్నయ్యా, మరి అవిలా తెరేసమ్మ 'ఎక్కువ ఆలోచించడం కాదు, ఎక్కువ ప్రేమించడం ముఖ్యం' అన్నారు కదా?"

పదహారో శతాబ్దపు స్పెయిన్ సన్యాసిని, పునీతురాలు తెరేసమ్మ అలా అన్నారమ్మా, నిజమే. కానీ ఎక్కడ అన్నారో చూడండి. ఆత్మను ఏడు నివాసాల కోటగా వర్ణిస్తూ, నాలుగో నివాసం దగ్గర అన్న మాట అది. అంతవరకు బుద్ధితో నడిచి వచ్చినవారికి, ఇక్కడ దేవుడు తానే పని మొదలుపెడుతున్నాడు, మీరు ఆలోచనలతో సతమతం కావద్దని చెబుతున్నారు. ఆమె స్వయంగా పద్దెనిమిదేళ్ళపాటు, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకున్న వెంటనే తప్ప, చేతిలో పుస్తకం లేకుండా ధ్యానానికి కూర్చునే ధైర్యం చేయలేదని రాసుకున్నారు. అరకొర చదువు గురువుల వల్ల తనకు కీడు జరిగిందని, బాగా చదువుకున్నవారు తనను ఎన్నడూ తప్పుదారి పట్టించలేదని కూడా రాశారు. అలాంటి మనిషి మాటను బుద్ధి వద్దనడానికి వాడుకోవడం ఆమెకు అన్యాయం చేయడమే.

బుద్ధికి హద్దు లేదని నేను అనడం లేదు. అదే రెండో అధ్యాయంలో పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో దొరికినప్పుడు, ఆయన చెప్పిన మాట తల్లిదండ్రులు గ్రహించలేదని లూకా స్పష్టంగా రాశాడు. అయినా మరుసటి వాక్యంలోనే తల్లి ఆ సంగతులన్నీ హృదయంలో భద్రం చేసుకుందని మళ్ళీ చెబుతాడు. అర్థమైనవే కాదు, అర్థం కానివి కూడా పారేయకుండా ఉంచుకుంది, ఇంకా తలపోయడానికి.

అసలు ప్రశ్నకు వస్తే, తలచడం ఒక్క క్షణంలో అయిపోవచ్చు, తలపోయడానికి సమయం పడుతుంది. "తలపోత" ఇప్పటికీ మీ ఇళ్ళల్లో నోటిమాటగా వినిపిస్తోందా? వినిపిస్తే ఏ జిల్లాలో, ఏ సందర్భంలో అంటారో రాయండి.