గుర్రపు బండికి లైటు పెట్టమంటే మతంలో వేలు పెట్టినట్టా?

రాత్రిబండి: అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో 2022 నుంచి గుర్రపు బగ్గీల వెనక మెరిసే పసుపు లైటు తప్పనిసరి. కార్లు వద్దని గుర్రపు బండ్లలోనే తిరిగే పాతకాలపు క్రైస్తవులు ఆమిష్‌లు. వాళ్లలో అందరికన్నా పట్టుదల ఎక్కువైన స్వార్ట్‌జెంట్రూబర్ శాఖ వాళ్లు లైటు పెట్టేది లేదంటున్నారు. జరిమానాలు పడుతున్నాయి. పడాలి కూడా.

గోదారిగట్టు: వాళ్లేం చీకట్లో కలిసిపోయి తిరగడం లేదండీ. రిఫ్లెక్టివ్ టేపు అంటిస్తారు, లాంతరు కడతారు. ఆర్భాటం వద్దు, దేవుడి మీద భారం వేశాం అంటారు. కెంటకీ రాష్ట్రంలో 2011లో, నెమ్మదిగా వెళ్లే బండికి గుర్తుగా వెనక పెట్టే నారింజ రంగు త్రికోణం పెట్టక, జరిమానా కూడా కట్టనందుకు కొందర్ని జైల్లో వేశారు. ఖైదీల బట్టలూ నారింజే కదా, వీళ్లకు ముదురు రంగువి ఇవ్వాల్సొచ్చింది! మరుసటి ఏడు చట్టం మార్చి టేపు చాలన్నారు.

రాత్రిబండి: అదే 2012లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షలు సరైనవేనంది. ఆ ముక్క మింగేశారే? మిగతా ఆమిష్‌లు చాలామంది త్రికోణం పెడుతున్నారు, వాళ్లకు భక్తి లేదా? ఇంతకీ లాంతరు ఎంత దూరం కనపడుతుందండీ?

చిట్టిబాబు: మా నాన్నగారి సైకిల్ డైనమో కంటే నయమే 😀

గోదారిగట్టు: లాంతరు సంగతి కాదండీ. మా అపార్ట్‌మెంట్‌లో గృహప్రవేశానికి చిన్న హోమం పెట్టుకుంటే పొగ అలారం మోగిందని నడిమధ్యలో ఆపించారు. పంతులుగారు నెయ్యి గరిటె చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నారు. సేఫ్టీ అంటూ మొదలుపెడితే అంతే.

రాత్రిబండి: హోమం ఆగితే ఎవరూ పోరు! లాంతరు ఎన్ని అడుగులు?

గోదారిగట్టు: మీకు లాంతరు పిచ్చి పట్టింది.

రాత్రిబండి: అవును, పట్టింది. మా తమ్ముడు సత్తుపల్లి రోడ్డు మీద రాత్రి చెరుకు ట్రాలీని గుద్దాడు. వెనక లైటు లేదు, గోనెపట్టా వేలాడుతోంది. బ్రేకు గుర్తు కూడా రోడ్డు మీద లేదు. అంటే వాడు చూడనే లేదు.

గోదారిగట్టు: అయ్యో, క్షమించండి. కానీ ఆ ట్రాలీవాడిది నిర్లక్ష్యం. వీళ్లది నియమం.

రాత్రిబండి: వెనక వచ్చేవాడికి తేడా ఏం తెలుస్తుందండీ?

సుశీల_డేటన్: పెద్దవాళ్ల నియమం సరే. బండిలో వెనక కూర్చున్న పిల్లల్ని ఎవరైనా అడిగారా?

గోదారిగట్టు: పిల్లల విషయంలో నా దగ్గర జవాబు లేదమ్మా. జైలు మాత్రం ఒప్పుకోను.

రాత్రిబండి: జైలు నేనూ అడగలేదు. లైటు అడిగాను.