డిస్నీ ట్రిప్‌లో టిప్ ఎంత ఇవ్వాలి? ఎక్కడ ఇవ్వక్కర్లేదు?

ప్రశ్న (విజయనగరం, కంటోన్మెంట్)

అందరికీ నమస్కారం. నేను రిటైరైన టీచర్ని. వచ్చే నెల మేమిద్దరం డల్లాస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కణ్నుంచి అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలతో కలిసి మొత్తం ఆరుగురం ఓర్లాండో వెళ్లి ఐదు రోజులు డిస్నీ వరల్డ్ చూడాలని అనుకున్నాం. టికెట్లు, రూములు అబ్బాయే చూసుకున్నాడు. ఒక్క పూట భోజనం మాత్రం మా డబ్బుతో పెట్టించాలని మా ఇద్దరి కోరిక. మా పెళ్లయి నలభై ఏళ్లు సరిగ్గా ఆ వారంలోనే నిండుతాయి.

పేచీ టిప్ దగ్గర వచ్చింది. "బిల్లు మీద ఇరవై శాతం ఇవ్వాలి నాన్నా" అన్నాడు అబ్బాయి ఫోన్లో. మావారు ఇక్కడ గంటస్తంభం వైపు టిఫిన్‌కి వెళ్తే సోంపు గిన్నె పక్కన పది రూపాయలు పెడతారు. ఇంటిల్లిపాదీ భోంచేస్తే యాభై పెడతారు. వంద డాలర్ల బిల్లుకి ఇరవై డాలర్లు టిప్ అంటే మన డబ్బులో పదిహేడు వందల పైమాటే. "తిన్నదానికి ఇస్తాను గానీ తెచ్చిపెట్టినందుకు అంత ఇవ్వను" అని ఆయన పట్టుపట్టారు. పండగలాంటి పూట తండ్రీకొడుకులు బల్ల దగ్గర మాటా మాటా అనుకుంటారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. నిజంగా అంత ఇవ్వాలా? టీ తాగినా, ఐస్‌క్రీం కొన్నా ఇవ్వాలా? కార్డు మీద ఎలా ఇస్తారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

శ్రీకాకుళం, పాలకొండ రోడ్డు నుంచి

చెల్లెమ్మా, కిందటేడు మా అమ్మాయి కుటుంబంతో అక్కడికే వెళ్లొచ్చాం. ముందు మీవారికి ఊరట కలిగే మాట చెప్తాను. పార్కు లోపల తినే చోట్లు రెండు రకాలు. కౌంటర్ దగ్గర మనమే తీసుకునేవి ఒక రకం. డిస్నీ యాప్‌లో ముందే ఆర్డర్ పెట్టి, తయారైందని కబురు రాగానే వెళ్లి ట్రే తెచ్చుకోవడమే. అక్కడ టిప్ ప్రసక్తే లేదు. ఐస్‌క్రీం బండి, పాప్‌కార్న్ బండి అన్నీ అంతే. కూర్చోబెట్టి మనిషి వచ్చి ఆర్డర్ తీసుకునేవి రెండో రకం. టిప్ ఇవ్వాల్సింది అక్కడే. మేం ఐదు రోజుల్లో రెండుసార్లే అలా కూర్చున్నాం, మిగతాదంతా కౌంటర్ల దగ్గరే గడిచిపోయింది. ఇంకోమాట, కౌంటర్ల దగ్గర ఐసు వేసిన మంచినీళ్లు గ్లాసుతో ఊరికే ఇస్తారు, అడగాలంతే. బాటిల్ కొనక్కర్లేదు.

ఇక మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది, ఎందుకంటే మీరు ఆరుగురు. డిస్నీ రెస్టారెంట్లలో ఆరుగురు, అంతకుమించి ఉంటే 18 శాతం టిప్ వాళ్లే బిల్లులో కలిపేస్తారు. పార్కు బయట కూడా పెద్ద గుంపులకి చాలాచోట్ల ఇదే పద్ధతి.

ఇది తెలీక మేం దెబ్బతిన్నాం. పార్కు బయట ఒక రెస్టారెంట్‌కి ఏడుగురం వెళ్లాం. తిండి 240 డాలర్లు. పిల్లలు నిద్రకి తూగుతున్నారు, అల్లుడు గబగబా ఇరవై శాతం లెక్కేసి టిప్ గీత మీద 48 రాసి సంతకం పెట్టేశాడు. రూముకొచ్చాక నేను కళ్లజోడు పెట్టుకుని బిల్లు విప్పి చూస్తే, తిండి కింద సన్నటి అక్షరాల్లో "గ్రాట్యుటీ 18%, 43.20" అని అప్పటికే ఉంది. గ్రాట్యుటీ అంటే అక్కడ టిప్పే, మన రిటైర్మెంట్ డబ్బు కాదు. అంటే ఒక్క పూటకి టిప్పే 91 డాలర్లు దాటింది. పొద్దున్నే వెళ్లి బిల్లు చూపించాం. మేనేజర్ మారుమాటాడకుండా 48 డాలర్లు కార్డుకి వెనక్కి వేయించాడు, అకౌంట్లో పడడానికి వారం పట్టింది. బిల్లు పారేసి ఉంటే ఆ డబ్బు పోయినట్టే. కాబట్టి సంతకం పెట్టేముందు బిల్లులో "గ్రాట్యుటీ" అనో "సర్వీస్ చార్జ్" అనో ఉందేమో వెతకండి. ఉంటే కింద "ఎడిషనల్ టిప్" అన్నచోట ఏమీ రాయనక్కర్లేదు. గీత కొట్టేసి మొత్తం రాయండి.

ఓర్లాండోలో ఉంటున్న ఆమదాలవలస అమ్మాయి

పిన్నిగారూ, నేను ఇక్కడ ఒక రెస్టారెంట్‌లో రెండేళ్లు సర్వర్‌గా చేశాను. బాబాయిగారి మాట చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

అమెరికాలో సర్వర్‌కి యజమాని ఇచ్చే జీతం వేరే లెక్క. టిప్ వస్తుంది కదా అని చట్టమే తక్కువ జీతానికి ఒప్పుకుంటుంది. దేశం మొత్తానికి ఉన్న కేంద్ర చట్టం ప్రకారం టిప్ తీసుకునేవాళ్లకి గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. మీ అబ్బాయి ఉండే టెక్సస్‌లో నడిచేది అదే. ఓర్లాండో ఉన్న ఫ్లోరిడా కాస్త నయం. 2020లో ఇక్కడి ఓటర్లు ఒప్పుకోవడంతో కనీస వేతనం ఏటా సెప్టెంబరు 30న పెరుగుతూ వచ్చింది. 2025 సెప్టెంబరు 30 నుంచి అది గంటకి 14 డాలర్లు. టిప్ తీసుకునేవాళ్లకి మాత్రం అందులోంచి 3.02 తగ్గించుకోవచ్చు, అంటే 10.98. ఇక్కడి ఇంటద్దెలకి అది ఏ మూలకీ రాదు. మెనూలో మీకు కనిపించే ధరలో, వడ్డించే మనిషి కూలి పూర్తిగా లేదన్నమాట. మిగతాది తిన్నవాళ్లే విడిగా ఇవ్వాలి. ఈ పద్ధతి మంచిదని నేను అనను. కానీ మనం ఇవ్వకపోతే నష్టపోయేది పద్ధతి కాదు, ఆ మనిషి.

ఒకరోజు జరిగింది చెప్తాను. శుక్రవారం రాత్రి నాకు నాలుగు బల్లలు అప్పగించారు. ఒక బల్ల దగ్గరికి మన తెలుగు కుటుంబం వచ్చింది, పెద్దవాళ్లు కూడా ఉన్నారు. నేను తెలుగులో పలకరించేసరికి ఎంత సంతోషపడ్డారో! మాది ఏ ఊరు, పెళ్లయిందా, అమ్మానాన్నలు ఎక్కడున్నారు అని అన్నీ అడిగారు. రెండు గంటలు కూర్చున్నారు. పెద్దాయనకి వేడినీళ్లు, చంటిదానికి వేరే ప్లేటు, కారం లేకుండా ఒకటి, కారం ఎక్కువేసి ఒకటి, అన్నీ చేశాను. వెళ్లేటప్పుడు ఆ పెద్దావిడ నా బుగ్గ నిమిరి "చల్లగా ఉండమ్మా" అంది. టిప్ గీత మీద సున్నా ఉంది.

వాళ్లు పిసినారులు కాదు పిన్నిగారూ, వాళ్లకి తెలీదు. ఆ రాత్రి డ్యూటీ దిగేటప్పుడు బల్లలు తుడిచే కుర్రాడికి, బార్ దగ్గర పానీయాలు కలిపే అతనికి నేను వాటా ఇవ్వాలి. ఆ వాటా నా అమ్మకాల మీద లెక్కకడతారు, నాకొచ్చిన టిప్ మీద కాదు. ఆ బల్ల తాలూకు వాటా మిగతా మూడు బల్లల టిప్పులోంచి ఇచ్చాను. బాబాయిగారికి ఇది చదివి వినిపించండి.

ఇక లెక్క. కూర్చోబెట్టి వడ్డించే చోట 18 నుంచి 20 శాతం ఇస్తారు. పన్ను కలపకముందున్న తిండి మొత్తం మీద లెక్కేస్తే సరిపోతుంది. పార్కు ఎక్కువ భాగం ఉన్న ఆరెంజ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అమ్మకం పన్ను 6.5 శాతం. కాబట్టి మెనూలో 100 డాలర్ల తిండి కనిపిస్తే పన్ను ఆరున్నర, టిప్ పద్దెనిమిది, మొత్తం 124.50 అని ముందే మనసులో అనుకుని ఆర్డర్ ఇవ్వండి. అప్పుడు బిల్లు వచ్చాక గుండె జారదు. నోటిలెక్క కావాలంటే పదోవంతు చూసుకుని రెట్టింపు చేయండి, ఇరవై శాతం వచ్చేస్తుంది. బఫేలో తిండి మనమే తెచ్చుకున్నా, నీళ్లూ పానీయాలూ తెచ్చేది, ఎంగిలి ప్లేట్లు తీసేది మనిషే, అక్కడా ఇవ్వాలి. మిక్కీ, మిన్నీ వేషాలు వేసుకుని బల్లల దగ్గరికొచ్చి పిల్లలతో ఫొటోలు దిగేవాళ్లకి మాత్రం ఇవ్వరు. రైడ్ల దగ్గర పనిచేసేవాళ్లకీ అక్కర్లేదు. డైనింగ్ ప్లాన్ అని ముందే డబ్బు కట్టి ఉంటే, సర్వర్ టిప్ అందులో ఉండదు. హూప్ డీ డూ లాంటి, భోంచేస్తూ ఆటపాటలు చూసే డిన్నర్ షోల టికెట్‌లో మాత్రం టిప్ కలిసే ఉంటుంది.

విజయనగరం నుంచి మళ్లీ

అమ్మా ఆమదాలవలస తల్లీ, నీ జవాబు మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత లేచి కాగితం మీద 124.50 అని రాసుకుని పర్సులో పెట్టుకున్నారు. ఆయనదే ఇంకో ప్రశ్న: సరిగ్గా చూసుకోకపోతే కూడా ఇంతా ఇవ్వాలా? నాదొకటి: మా దగ్గర బ్యాంకు ఇచ్చిన, ముందే డాలర్లు వేసుకునే ఫారెక్స్ కార్డు ఉంది. కార్డు వాళ్లు లోపలికి పట్టుకుపోతారంటున్నారు, భయం లేదా?

ఆమదాలవలస అమ్మాయి

భయం లేదు పిన్నిగారూ. బిల్లు ఒక అట్టలో పెట్టి తెస్తారు. కార్డు అందులో పెడితే తీసుకెళ్లి గీకి, రెండు చీటీలతో తిరిగి తెస్తారు. ఇప్పుడు చాలాచోట్ల మిషనే బల్ల దగ్గరికి వస్తోంది. మన దగ్గరలా ఓటీపీ అడగరు. చీటీ మీద తిండి, పన్ను కలిపిన మొత్తం ఉంటుంది, దాని కింద "టిప్", ఆ కింద "టోటల్" అని ఖాళీ గీతలు ఉంటాయి. మీరు రాసి, కూడి, సంతకం పెట్టి, "మర్చంట్ కాపీ" అన్నది బల్ల మీద వదలాలి. "కస్టమర్ కాపీ" మీది. ఫోన్‌కి ముందు టిప్ లేని మొత్తం మెసేజ్ వస్తుంది, ఒకట్రెండు రోజుల్లో టిప్ కలిసిన మొత్తం కోత పడుతుంది. అది మోసం కాదు, కంగారు పడకండి. కార్డులో బ్యాలెన్స్ కాస్త ఎక్కువే ఉంచండి.

సేవ బాగోకపోతే తగ్గించవచ్చు, పది, పదిహేను శాతం ఇచ్చేవాళ్లున్నారు. కానీ వంట ఆలస్యమైతే అది వంటింటి తప్పు, సర్వర్‌ది కాదు. నిజంగా అమర్యాదగా ఉంటే మేనేజర్‌ని పిలిచి చెప్పండి, అక్కడ అది మామూలే.

ఇంకో చిక్కు పార్కు బయట కాఫీ కొట్టుల్లో ఉంటుంది. తెర మన వైపు తిప్పి 18, 20, 25 అని మూడు గళ్లు చూపిస్తారు. వెనక క్యూ ఉంటుంది, మొహమాటంతో ఏదో ఒకటి నొక్కేస్తాం. కింద చిన్నగా "నో టిప్" ఉంటుంది. కౌంటర్ దగ్గర మీరే తీసుకుంటున్నప్పుడు అది నొక్కడం తప్పు కాదు. ఒక డాలర్ నోట్లు ఓ ఇరవై దగ్గర పెట్టుకోండి. హోటల్లో సామాను మోసే అతనికి పెట్టెకి ఒకటో రెండో ఇవ్వడానికి పనికొస్తాయి.

బొబ్బిలి నుంచి

మేం అమెరికా కాదు, పిల్లల సెలవుల్లో సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్ వెళ్తున్నాం. అక్కడా ఇంతేనా?

శ్రీకాకుళం, పాలకొండ రోడ్డు నుంచి

కాదు మాస్టారూ, ఒక్కో దేశానిది ఒక్కో తీరు. సింగపూర్‌లో కూర్చుని తినే చోట్ల 10 శాతం సర్వీస్ చార్జ్ బిల్లులోనే వేస్తారు, దాని మీద 9 శాతం జీఎస్టీ. మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే అర్థం అదే. 100 డాలర్ల తిండి 119.90 అవుతుంది. ఆపైన టిప్ అక్కర్లేదు. జపాన్‌లో అసలు టిప్ పద్ధతే లేదు. టోక్యో డిస్నీలో బల్ల మీద డబ్బు వదిలి వస్తే, మర్చిపోయారనుకుని వెంటపడి తెచ్చిస్తారు. పారిస్‌లో సర్వీస్ ధరలోనే కలిసి ఉంటుంది.

మన దగ్గర సంగతి కూడా తెలుసుకోండి. ఇక్కడ ఏ హోటలూ సర్వీస్ చార్జ్ దానంతటదే బిల్లులో వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వేస్తే తీసేయమని అడగండి, వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేయండి. వడ్డించిన కుర్రాడి చేతికి మీరు విడిగా ఇచ్చేది మాత్రం మీ ఇష్టం. మా ఇంట్లో మానలేదు.

విజయనగరం నుంచి, తిరిగొచ్చాక

నిన్న రాత్రే ఇల్లు చేరాం. అడిగినదాన్ని కాబట్టి ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మా పెళ్లిరోజు పూట పార్కులోనే కూర్చుని తిన్నాం. తిండి 212 డాలర్లు. మావారు కళ్లజోడు సర్దుకుని బిల్లు చేత్తో పట్టుకున్నారు, వేలు పెట్టి ఒక్కో వరసా చదివారు. శ్రీకాకుళం అన్నయ్యగారు చెప్పినట్టే గ్రాట్యుటీ 38.16 అని అచ్చయి ఉంది, పన్ను 13.78, మొత్తం 263.94. "చూడు, వీళ్లే వేసేశారు" అని అబ్బాయికి చూపించారు. వాడికీ ఆ సంగతి తెలీదు, ఇంకో ఇరవై శాతం రాయడానికి పెన్ను తీస్తున్నాడు! పేచీ పడతారనుకున్న ఇద్దరూ తల దగ్గర తల పెట్టి కూడికలు సరిచూసుకున్నారు.

మాకు వడ్డించిన అమ్మాయి మెక్సికో నుంచి వచ్చిందట. పెళ్లిరోజని మనవడు చెప్పేశాడు, ఆ పిల్ల చిన్న కప్ కేకు మీద కొవ్వొత్తి పెట్టి తెచ్చింది. బయల్దేరేటప్పుడు మావారు వెనక్కి వెళ్లి, జేబులోంచి ఐదు డాలర్ల నోటు తీసి ఆమె చేతిలో పెట్టి దణ్ణం పెట్టారు. ఎవరూ చెప్పలేదు ఆయనకి.

ఆమదాలవలస అమ్మా, నువ్వు చెప్పిన ఒక డాలర్ నోట్లలో పదకొండు మిగిలాయి. మన వైపు నుంచి త్వరలో ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, కంటోన్మెంట్ వచ్చి పట్టుకెళ్లవచ్చు.