ఫిల్మ్ మీద ఎర్రటి చారలు: వెలుతురు ఎక్కడి నుంచి దూరుతోంది?

పాత 35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో కలర్ నెగెటివ్ ఫిల్మ్ వాడుతున్నాను. ప్రింట్లలో ఒక అంచు నుంచి నారింజ, ఎరుపు కలిసిన చార లోపలికి పాకుతోంది. నెగెటివ్‌లో ఆ మరక ఫ్రేమ్ దాటి ఫిల్మ్ అంచున ఉండే రంధ్రాల దాకా ఉంది, కాబట్టి లెన్స్ తప్పు కాదు. రంగును బట్టి వెలుతురు ఫిల్మ్ వెనుక నుంచే పడుతున్నట్టుంది. వెనుక తలుపు బందు దగ్గర వెలుతురు దూరకుండా అతికించి ఉండే ఫోమ్ ముట్టుకుంటే తారులా వేలికి అంటుకుంటోంది.

దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది అతికిద్దామనుకుంటున్నాను. ఆ ముక్కలు షట్టర్ తెర మీద పడకుండా ఎలా తీయాలి? తలుపు అంచు కూర్చునే సన్నటి గాడిలో ఫోమ్ బదులు నల్ల ఉన్ని దారం పనికొస్తుందా? ఫిల్మ్ ఎప్పుడూ నీడలోనే ఎక్కిస్తాను, అందుకే క్యాసెట్ మీద అనుమానం లేదు. మరో రోల్ పాడవకముందే లీక్ ఎక్కడో కచ్చితంగా తేల్చుకునే పద్ధతి ఉంటే దయచేసి చెప్పండి.